ఐదో మైలు దగ్గర

"లేదు మేడం" అన్నప్పుడు ఆంజినమ్మ యశోదమ్మ ముఖంలోకి చూడలేదు, వంగి బూట్ల లేసు వైపు చూసింది. ఆ సంగతి ఆమెకు జీపు దిగాక గానీ తట్టలేదు. పరుగుపందెం నిర్వహించే దివాకర్ ఆమెను ఇక్కడ దించి, జీపు వెనక్కి తిప్పుకుని అనంతపురం వైపు వెళ్లిపోయాడు. లేచిన ఎర్రదుమ్ము ఇంకా చింతచెట్ల మధ్య వేలాడుతూనే ఉంది. ఆమె చేతిలో పన్నెండు ఎర్ర రిబ్బను ముక్కలు, పక్కన ఒక ఇనుప కుర్చీ, బక్కెట్టు నీళ్లు, రెండు గ్లాసులు, రోడ్డుకు అడ్డంగా ఇప్పుడే ముగ్గుపిండితో గీసిన తెల్లటి గీత. గీత దాకా వచ్చిన ప్రతి పిల్లకూ ఒక రిబ్బను ఇవ్వాలి, ఆ పిల్ల దాన్ని చేత పట్టుకుని వెనక్కి తిరిగి మళ్లీ ఐదు మైళ్లు పరిగెత్తి కాలేజీ గ్రౌండుకు చేరాలి, రిబ్బను లేకుండా చేరిన పిల్ల చేరనట్టే లెక్క. ఆరుంబావయింది. ఆరున్నరకు విజిల్ వేస్తారు. ఐదు మైళ్లంటే మంచి పిల్లకు నలభై నిమిషాలు, అంటే ఏడూ పదికి ఎదురుగా ఆ రోడ్డు వంపు దగ్గర మొదటి తల కనిపించాలి, మొదటి మూడు తలల్లో ఒకటి ఆంజినమ్మది కావాలి, ముగ్గురే హైదరాబాదుకు, రాష్ట్ర పోటీలకు. ఇంకా గంట. నొప్పి ఉండాదా అని తాను అడిగింది, లేదు మేడం అని ఆ పిల్ల అంది, సరే అని తాను జీపెక్కింది. ఎంత తొందరగా ఎక్కింది! ఇంకోసారి అడిగితే ఇంకో జవాబు వస్తుందేమోనన్నట్టు, ఒక కాలు జీపులో పెట్టుకునే అడిగింది కదా, అట్లా అడగడాన్ని అడగడమంటారా?

కూర్చోవచ్చు, కుర్చీ ఉంది. కానీ కూర్చుంటే లేవాలి, లేచేటప్పుడు ఎడమ మోకాలి చిప్ప కింద గులకరాళ్లు ఒరుసుకున్న చప్పుడు వస్తుంది, పద్నాలుగేళ్లుగా వస్తోంది, స్టాఫ్ రూములో అందరికీ వినిపిస్తుంది. ధర్మవరంలో ఆడపిల్లల బడికి డ్రిల్లు టీచరు, నేల మీద కూర్చోలేదు, మెట్లు పక్కకు తిరిగి ఒక్కొక్కటిగా దిగుతుంది, మోకాళ్లు వంచి చేసే వ్యాయామాలన్నీ పిల్లలకు నోటితోనే చెబుతుంది. ముప్పై ఆరేళ్లకే. నిలబడే ఉందామనుకుంది. నిలబడితే రోడ్డు కనిపిస్తుంది, బుక్కరాయసముద్రం చెరువు కట్ట దిగి, చింతచెట్ల కిందుగా వంపు తిరిగి తన దాకా వచ్చే రోడ్డు. రెండేళ్లుగా వానల్లేవు, చెరువులో నెర్రెలు విచ్చిన మట్టి, ఆ మట్టి మీద మేకలు. కట్ట దిగేచోట పల్లం ఎక్కువ. ఎక్కేటప్పుడు నొప్పి ఏమీ తెలియదు, దిగేటప్పుడే తెలుస్తుంది, మోకాలి బయటి పక్కన, కాలు వంగిన ప్రతిసారీ సూది దిగినట్టు. తొలి రెండు మైళ్లు అసలు ఉన్నట్టే ఉండదు. మూడో మైలుకు పలకరిస్తుంది. ఆగితే పోతుంది, పోతుంది కాబట్టే మోసపోతాం, సాయంత్రానికి ఏమీ లేదనిపిస్తుంది, పొద్దున్నే మళ్లీ బూట్లు వేసుకోబుద్ధవుతుంది. ఆంజినమ్మకు మూడో మైలు ఎక్కడొస్తుంది? కట్ట ఎక్కేముందే. అయితే దిగేటప్పటికి...

టక్ మని చప్పుడైంది. ఉలిక్కిపడి చూసింది. రోడ్డు పక్కన కంకరగుట్ట ముందు గోనెపట్టా పరుచుకుని ఒక ముసలామె సుత్తితో రాయి కొడుతోంది, కరువు పనికి అందరికంటే ముందు వచ్చినట్టుంది. ఇందాక జీపులోంచి చూసినప్పుడు లేదు.

"ఏమ్మా, యా బస్సుకు?" అని అడిగింది ఆమె.

"బస్సుకు కాదు. ఆడపిల్లోళ్లు వస్తారు, ఉరుక్కుంటా."

"యాడ్నించి?"

"అనంతపురం నుంచి. ఈడికొచ్చి మళ్లా ఆడికే పోతారు."

సుత్తి ఆగింది. "ఈడేముండాదని వచ్చేది?"

యశోదమ్మ గీత వైపు చూపించింది. ముసలామె గీతను చూసింది, రిబ్బన్లను చూసింది, నవ్వలేదు. తన పేరు ఓబులమ్మ అని, తనకూ మోకాళ్లు పోయినాయని, గొంతుక్కూర్చుని కూర్చుని పోయినాయని చెప్పి, మళ్లీ సుత్తి ఎత్తుతూ, "ఎవురన్నా ఉరకమన్నారా, వాళ్లే ఉరుకుతాండారా?" అంది.

యశోదమ్మ రిబ్బన్ల కొసలు సరిచేసుకుంది. టక్. టక్. ఈ మాట ఇంకెవరో అడిగారు, ఇట్లాగే ఎదురుగా కూర్చుని, వేరే మాటల్లో. బెంగుళూరులో ఆ ఎముకల డాక్టరు. డెబ్బై ఒకటిలో. నాయన ఆమెను రైలెక్కించి తీసుకుపోయాడు, దారంతా ఆయన ఒకటే మాట, ఆడపిల్ల కాళ్లు పరుగుకు పుట్టినవి కావంట, ఊళ్లో అందరూ అదే అన్నారు, డాక్టరూ అదే అంటాడు చూడు అని. డాక్టరు ఆ మాట అనలేదు. మోకాలు చూడక ముందే అడిగాడు, రెండు నెలల కిందట రోజుకు ఎన్ని మైళ్లు పరిగెత్తేదానివి? రెండు సార్. నొప్పి మొదలైనప్పుడు? ఎనిమిది. ఆయన కలం కింద పెట్టాడు. ఎనిమిదా? ఎవరు చెప్పారు ఎనిమిదని? యూనివర్సిటీ జట్టుకు ఎంపిక ఉండింది సార్, టైం లేకపోయింది. ఏ నేల మీద? తారు రోడ్డు. రోడ్డుకు ఏ వైపు? ఇదేం ప్రశ్న అనుకుంది అప్పుడు. ఎడమ వైపే సార్, అంచున, లారీలు వస్తాయి కదా. ఆయన బల్ల మీదున్న లావు పుస్తకాన్ని ఒకవైపు ఎత్తి పట్టి, ఆ వాలు మీద రెండు వేళ్లను మనిషి కాళ్లలా నడిపించాడు. రోడ్డు మధ్యలో ఎత్తు, అంచున పల్లం, నీ ఎడమకాలు ప్రతి అడుగులో పల్లంలోనే పడింది, రోజుకు ఎనిమిది మైళ్లకు ఎన్ని అడుగులో నువ్వే లెక్క వేసుకో. బూట్లేవి? సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది, సిగ్గుపడుతూ. మడమ దగ్గర బయటి వైపు రబ్బరు అరిగిపోయి గుడ్డ కనిపిస్తోంది. ఈ మోకాలికి ఇంతకు ముందెప్పుడైనా? పద్నాలుగేళ్లప్పుడు బావి మెట్ల మీద జారినాను సార్. ఒకసారి దెబ్బ తిన్న మోకాలిని అందరికంటే ముందు పలకరించాలమ్మా, మీరు దాన్ని అడగనే లేదు. వారంలో ఏ రోజు విశ్రాంతి? విశ్రాంతి లేదు. అప్పుడన్నాడు, నువ్వు కింద పడలేదు, ఎవరూ నిన్ను కొట్టలేదు, ఇది ఒక్క రోజు దెబ్బ కాదు. రోజూ కొంచెం అరుగుతుంది, రోజూ కొంచెం మానుతుంది, అరుగుడు ఎక్కువై మానేదానికి వ్యవధి లేకపోతే ఇట్లా అవుతుంది. ఆడపిల్లవని కాదు. మైళ్లు. మైళ్లు పెంచిన తీరు. నాయన పక్కన కూర్చుని అంతా విన్నాడు, రైల్లో ఇంక ఆ మాట ఎత్తలేదు.

ఆ ప్రశ్నలన్నీ ఆమెకు నోటికి వచ్చు. పన్నెండేళ్లుగా ప్రతి ఏడూ జూన్‌లో కొత్త పిల్లలకు చెబుతుంది. చెప్పేటప్పుడు గొంతు గట్టిగా ఉంటుంది. మరి ఇప్పుడు డాక్టరు ఆ చింతచెట్టు కింద కూర్చుని ఆంజినమ్మ గురించి అడిగితే? ఏడు వారాల కిందట రోజుకు ఎన్ని మైళ్లు? మూడు సార్. ఇప్పుడు? తొమ్మిది. ఎవరు చెప్పారు తొమ్మిదని? అక్టోబరులో సర్క్యులర్ వచ్చింది, ఆడపిల్లలకు ఇన్నాళ్లూ మూడు మైళ్ల పోటీయే, ఈసారి పదహారు కిలోమీటర్లన్నారు, పది మైళ్లు, ఆ కాగితం చేతిలో పట్టుకుని ఆమె ధర్మవరం వీధుల్లో ఆంజినమ్మ ఇంటికి దాదాపు పరిగెత్తినట్టే నడిచింది. ఇన్నేళ్లలో తన చేతి కింద జిల్లా దాటిన పిల్ల లేదు. ఇది దాటుతుంది. పదో తరగతితో చదువాపి మగ్గం గుంటలో కూర్చున్న పిల్ల, తెల్లవారకముందే లేచి తన కోసం రోడ్డు మీద నిలబడే పిల్ల, గొంతెత్తి మాట్లాడదు గానీ పరిగెత్తేటప్పుడు చూడాలి. మొదటి వారం నాలుగు, రెండో వారం ఆరు, అని కాగితం మీద రాసిచ్చింది ఎవరు? తనే, తన చేత్తోనే. ఏ వైపు సార్ అంటే ఎడమ వైపే, మసక వెలుతురులో లారీలకు భయపడి అంచునే. బూట్లా? రెండేళ్ల కిందటి తెల్లగుడ్డ బూట్లు, ఎడమ మడమ అరిగితే టైరు ముక్క అతికించుకొచ్చింది, ఒక మడమ ఎత్తు ఒక మడమ పల్లం, అది చూసి తాను బాగుండాదే అంది. ఇంతకు ముందా? పోయిన ఏడు ఇదే మోకాలు వాచింది, మూడు వారాలకు దానంతటదే తగ్గింది, తగ్గింది కదా అని ఇద్దరూ మరిచిపోయారు. విశ్రాంతి? పరుగు అయ్యాక ఆ పిల్ల గుంటలోకి దిగి పగలంతా మగ్గం తొక్కుతుంది, జరీ పూలెత్తే చెక్కను ఎడమకాలితోనే తొక్కే అలవాటు, చీర అంచు పూర్తయ్యేదాకా వేల సార్లు, దాన్ని విశ్రాంతి అంటారా సార్? డాక్టరు కలం కింద పెట్టాడు.

ఏడైంది. ఒక లారీ వేరుశనగ కట్టె వేసుకుని పోయింది, గాలికి ముగ్గుపిండి గీత సగం చెదిరింది, వంగి మళ్లీ గీసింది, మోకాలు పలికింది. శ్రీరంగప్ప అడిగాడు కదా. ఆ పిల్ల తండ్రి. పది రోజుల కిందట. పట్టు కండెలు చుట్టుకుంటూ, తల ఎత్తకుండా, "టీచరమ్మా, మా పాప మొన్న మిద్దె దిగేటప్పుడు కాలు ఈడుస్తాండాది. సూసినావా?" అన్నాడు. అలుపు శ్రీరంగప్పా, రెండు దినాలకు పోతాది అంది తాను. ఆయన కండె తిప్పడం ఆపి తన వైపు చూశాడు. "అలుపైతే రెండు కాళ్లకూ ఉండల్ల గదా?" పరుగు గురించి ఏమీ తెలియని మనిషి. ఏం చెప్పింది తను? పందెం అయిపోనీ, తర్వాత సూద్దాం అంది. ఆయన మళ్లీ తల దించుకుని, "ఈ ఒక్క పందెం. గెలిస్తే పోనీ, నేను అడ్డం రాను. ల్యాకపోతే మాత్రం పాప మగ్గం ఇడిసేది ల్యా, ఇంగ నువ్వు మా ఇంటికి ఈ పని మీద రావద్దు" అన్నాడు. కోపంగా అనలేదు. ఈ పోటీ పోతే పోటీ ఒక్కటే పోదు, తెల్లవారుజామున రోడ్డు మీద నిలబడే ఆ పిల్లే పోతుంది. అందుకే అడిగినప్పుడు ఒక కాలు జీపులో పెట్టుకుంది. అందుకేనా? ఆ పిల్ల కోసమా? హైదరాబాదులో తన పిల్ల పరిగెత్తుతుంటే గ్యాలరీలో నిలబడి చూడాలని, మీ డ్రిల్లు టీచరు ఎవరమ్మా అని ఎవరో అడగాలని, అది కాదూ? ఎవురన్నా ఉరకమన్నారా, వాళ్లే ఉరుకుతాండారా. టక్. టక్.

సుంకప్ప సారూ ఇంతేనా? ఇన్నేళ్లూ ఆమె ఆ పేరును పళ్ల మధ్య నూరుతూనే ఉంది. నా మోకాలు తినేసింది మా డ్రిల్లు మాస్టరు అని స్టాఫ్ రూములో చెబుతుంది, రోజుకు ఎనిమిది మైళ్లు ఉరికించినాడు, కుంటుతున్నా ఉరుకు ఉరుకు అని కేకలేసినాడు అని. మోకాలి ఆపరేషన్ అయ్యాక సారు పండ్లు తీసుకుని ఇంటికొస్తే అమ్మ గడప దాటనివ్వలేదు, లోపల మంచం మీద పడుకుని ఆయన గొంతు విని గోడ వైపు తిరిగింది. నాలుగేళ్ల కిందట ఆయన చనిపోతే చూసేదానికి పెనుకొండకు పోలేదు. మంచిదే అనుకుంది. ఆ ఎంపిక పోటీ రోజు పొద్దున, ఇట్లాంటి చలే, పచ్చి గడ్డి వాసన, కాళ్లకు రాసుకున్న కర్పూరం నూనె వాసన, సారు కేకలేస్తున్నాడు, ఉరుకు యశోదా ఉరుకు. కాదు. అది తర్వాత. అంతకు ముందు. ఆయన కేకలేయడానికి ముందు, విజిల్ వేయడానికి ముందు, ఎవరో తన ముందు వంగి కూర్చున్నారు. నెరిసిన తల. రెండు అరచేతులతో తన ఎడమ మోకాలిని పట్టుకుని, బొటనవేలితో పక్కన నొక్కి చూస్తున్నారు. ఆ చేతులు వెచ్చగా ఉన్నాయి. "నొప్పి ఉండాదా యశోదా? నిజం చెప్పు. ఉంటే మానుకుందాం, వచ్చే ఏడు సూసుకుందాం." ఆ మాట అన్నాడు. అన్నాడు కదా. ఎన్నడూ ఎవరికీ చెప్పలేదు ఈ ముక్క, తనకు తానే చెప్పుకోలేదు, ఇన్నేళ్లూ దీన్ని ఎక్కడ పెట్టింది? బొటనవేలు నొక్కినచోట ప్రాణం పోయింది, పళ్లు బిగపట్టి, దూరంగా కొండల వైపు చూస్తూ తాను చెప్పింది, లేదు సార్. సారు లేచాడు. ఆయన ముఖంలో ఎంత సంతోషం! నమ్మాడా? ఆ వేలికి తెలియదా? నమ్మాలని నమ్మాడు. పరిగెత్తాలని తాను లేదంది, పరిగెత్తితే చూడాలని ఆయన సరేనన్నాడు, ఇద్దరూ కలిసి చేశారు ఆ పని. మూడో మైలు దాటాక పల్లం వచ్చింది.

యశోదమ్మ కుర్చీని పట్టుకుంది. ఏడూ ఐదు. పోయి చెబుదామా? ఎవరికి? ఎట్లా పోతుంది, జీపు అక్కడ, తానిక్కడ, ఆ పిల్ల ఇప్పుడు కట్ట మీద ఉంటుంది, నాలుగో మైలు, పల్లానికి ముందు. ఇక్కడికొచ్చాక అడుగుదామా? అడిగితే ఏమంటుందో తెలుసు. ఎవరడిగినా అదే అంటుంది. తాను అనలేదా? పరిగెత్తే మనిషిని నొప్పి ఉండాదా అని అడగడం, ఆకలిగా ఉన్నవాణ్ని చేతిలో ముద్ద పెట్టుకున్నాక తింటావా అని అడగడం లాంటిదే. మళ్లీ ఇంకో ఆలోచన, పోనీలే, ఇంకో ఐదు మైళ్లే కదా, ఇన్ని మైళ్లు ఓర్చింది, ఐదు ఓర్చదా, హైదరాబాదుకు ఇంకా నెల ఉంది, ఆ నెలంతా పండుకోబెట్టి చూసుకుందాం, నూనె, కాపడం, ఈ ఐదు ఒక్కటి పోనీ. ఎంత తీయగా వచ్చింది ఆ ఆలోచన, ఎంత తెలిసిన గొంతుతో. తనకు ఇరవై రెండేళ్లప్పుడు కూడా ఇదే గొంతు, ఇంకో మూడు మైళ్లే కదా అని.

"వస్తాండారమ్మో" అంది ఓబులమ్మ.

ముందు జీపు, దివాకర్ లోపలి నుంచి చెయ్యి ఊపుతుండగా గీత దాటి పోయి నూరు గజాల అవతల ఆగింది. దాని వెనుక, వంపు తిరిగి, హిందూపురం పొడుగు పిల్ల, నీలం బనియను, అలవోకగా వస్తోంది, పాదాలు నేలకు తగులుతున్నాయా లేదా అన్నట్టు. రిబ్బను. తీసుకుంది, తిరిగింది, పోయింది. రోడ్డు ఖాళీ. వంపు దగ్గర తెల్ల బనియను. రెండో పిల్ల. ఆంజినమ్మ. రెండో స్థానంలో! వెనుక మూడో పిల్ల ఇంకా కనిపించడమే లేదు. గుండె ఒక్కసారి ఎగిరింది, ఎగిరిన క్షణంలోనే కళ్లు కిందికి, కాళ్ల మీదికి దిగాయి. రోడ్డు అంచున లేదు ఆ పిల్ల. నట్టనడుమ పరిగెత్తుతోంది, మట్టంగా ఉన్నచోటు వెతుక్కుని. ఎడమకాలు వంగడం లేదు, కర్రలా బయటికి తిప్పి వేస్తోంది, వేసినప్పుడల్లా నడుము ఒకవైపు కుంగుతోంది, ముఖం మాత్రం నిశ్చలంగా, కింది పెదవి పళ్ల మధ్య.

"ఆ బిడ్డకు కాల్లో ఏమో అయ్యిండాది" అంది ఓబులమ్మ వెనుక నుంచి.

ఇరవై గజాలు. పది. చెయ్యి చాచింది ఆంజినమ్మ, అరచెయ్యి తెరిచి. చాలా మామూలుగా. ఆ చేతిలో రిబ్బను పెడితే చాలు, అంతకంటే ఏమీ చేయనక్కర్లేదు. నొప్పి ఉండాదా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. యశోదమ్మ ఆ మాటను మింగింది. పిడికిలి మూసి, గీత మీదికి వచ్చి, రోడ్డుకు అడ్డంగా నిలబడింది.

"రిబ్బను మేడం."

"ఇయ్యను."

అర్థం కానట్టు చూసింది పిల్ల, ఉన్నచోటే కాళ్లాడిస్తూ. "రిబ్బను మేడం, టైం పోతాండాది."

"ఇయ్యను ఆంజినమ్మా. అయిపోయింది. ఆగు."

పిల్ల ఆమె మణికట్టు పట్టుకుంది. మగ్గం లాగిన వేళ్లు, గట్టివి. ఒకరి ఊపిరి ఒకరికి తగులుతోంది, పిడికిలి విప్పాలని ఒకరు, విప్పకూడదని ఒకరు. అప్పుడు మూడో పిల్ల వంపు తిరిగింది. ఆ అడుగుల చప్పుడు విని ఆంజినమ్మ చెయ్యి వదిలేసి, రిబ్బను లేకుండానే వెనక్కి తిరిగి పరిగెత్తింది. పది అడుగులు, పదిహేను, ఇరవై. ఆగిపోయింది. రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, అటు తిరిగి అట్లాగే నిలబడింది. మూడో పిల్లకు యశోదమ్మ రిబ్బను ఇచ్చింది. ఆ పిల్ల ఆంజినమ్మ పక్కగా వెళ్లిపోయింది. నాలుగో పిల్ల వచ్చింది, నీళ్లు కావాలంది, ఇచ్చింది. ఐదు. ఆరు. ఒక్కొక్కరు పక్క నుంచి పోతున్నప్పుడల్లా ఆ పిల్ల భుజాలు కొంచెం కొంచెం కిందికి దిగడం యశోదమ్మ చూస్తూనే ఉంది, పెన్సిలుతో కాగితం మీద పేర్ల ముందు టిక్కులు పెడుతూనే ఉంది.

తొమ్మిదో పిల్ల పోయాక ఆంజినమ్మ నడిచి వచ్చింది. నడుస్తుంటే కుంటు దాచడానికి ఇంక ప్రయత్నించలేదు. కంకరగుట్ట మీద కూర్చుంది. యశోదమ్మ గ్లాసు అందిస్తే ఒక్క ఊపున తోసేసింది, నీళ్లు మట్టిలో పడ్డాయి, పడినచోట మచ్చ కూడా నిలవలేదు.

"నాకు నొప్పి ఉండాదని మీతో ఎవురు చెప్పినారు? నేను చెప్పినానా?"

"చెప్పలా. చెప్పవు. అందుకే నేను అడగలా."

"రెండో దాన్ని మేడం! రెండో దాన్ని!" అని అరిచింది. "మీరు ఓర్వలేకపోయినారు. మీరు పోలేకపోయినారు, నేను పోతే సూడలేకపోయినారు."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. ఏమో, ఏ మూలనో అదీ ఉందేమో. ఓబులమ్మ లేచి, పడిన గ్లాసు తీసి, తన కొంగుతో తుడిచి, బక్కెట్లో ముంచి పిల్ల చేతికిచ్చింది. "తాగు తల్లీ. తిట్టేదానికైనా గొంతు తడవల్ల గదా." పిల్ల తాగింది. యశోదమ్మ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"తప్పు నీది కాదు ఆంజినమ్మా. ఏడు వారాల్లో మూడు మైళ్లను తొమ్మిది చేసింది నేను. ఆ బూట్లు సూసి బాగుండాయన్నదీ నేనే. పోయిన ఏటి వాపు గురించి అడగాల్సింది నేను. అన్నీ తెలిసే చేసినా."

పిల్ల ఎడమ మోకాలి పక్కన బొటనవేలితో రుద్దుకుంటోంది, సరిగ్గా అక్కడే.

"తొమ్మిది కాదు" అంది చివరికి.

"ఏమి?"

"పన్నెండు. సాయంత్రం మగ్గం దిగినాక ఇంకో మూడు ఉరికేదాన్ని. మీకు చెప్పలా."

"ఎందుకు?"

"చెప్తే వద్దంటారని."

యశోదమ్మకు ఒక్కసారి నవ్వు వచ్చింది, వెంటనే కళ్లు చెమర్చాయి. చివరి ముగ్గురు పిల్లలూ కలిసి వచ్చారు, మాట్లాడుకుంటూ, రిబ్బన్లు తీసుకుని పోయారు. జీపు దిగి దివాకర్ నడిచి వస్తున్నాడు. "ఏమైంది టీచర్? పిల్ల పడిందా?" అని అరిచాడు దూరం నుంచే.

"పడలా. నేనే ఆపినా" అంది యశోదమ్మ కుర్చీలోంచి లేస్తూ. "ఆ మాటే రాసుకో."

ఆయన తల గీరుకుని, అయితే ఎక్కండి అని, కుర్చీ ఎత్తుకుపోయాడు. ఆంజినమ్మ లేవలేదు.

"మా నాయన ఇంగ పంపడు."

"నాయనతో నేను మాట్లాడతా. నీ కూతురి కాలు సంగతి నువ్వే సరిగ్గా సూసినావు శ్రీరంగప్పా, నేనే మాట దాటేసినా అని చెప్తా. తిట్టనీ. తిట్టినాక వింటాడు."

"వినకపోతే?"

"మరుసటి దినం మళ్లా పోతా."

పిల్ల బూటు విప్పింది. మేజోడు చెమటకు తడిసి ఉంది. "రేపటి నుంచి ఏం చెయ్యల్ల?"

"రేపు ఏం చెయ్యొద్దు."

"ఎల్లుండి?"

"ఎల్లుండి గూడా. ఆరు వారాలు. మగ్గం మీద ఆ చెక్కను కుడికాలితో తొక్కేది నేర్చుకో."

"ఆరు వారాలైనాక?"

"అర మైలు."

"అర మైలా!" ఆంజినమ్మ తల ఎత్తింది, ఏడ్చిన ముఖంలో ఎంత అసహ్యం! "అర మైలంటే మా ఇంటికాన్నించి రైలు గేటు దాకా గూడా కాదు మేడం."

"అయితే గేటు దాకా పోవద్దు" అంది యశోదమ్మ. "దానికి ముందరే తిరుక్కో."